తువ్వాల కింద నాలుగు

కర్నూలులో సుబ్బన్న ఇంట్లో బియ్యం కడగడానికి ముందు రోజూ ఒక పని జరుగుతుంది. సుందరలక్ష్మి చేట పట్టుకుని వంటింటి గడప దగ్గరకు వచ్చి, మధ్యాహ్నం బయటినుంచి వచ్చి తినేవాళ్ళు ఎంతమందని భర్తను అడుగుతుంది. సుబ్బన్న భుజం మీది తువ్వాల తీసుకుని వాకిట్లో ఉన్న కారెక్కుతాడు. ముందు సీట్ల నడుమ ఒక గుండ్రటి నాబ్ ఉంటుంది. దాని మీద తువ్వాల కప్పి, కింద కుడిచెయ్యి పెడతాడు. నాబ్ ఆయన వేళ్ళు పట్టుకుంటుంది. రెండు వేళ్ళు పడితే ఇద్దరు, మూడు పడితే ముగ్గురు. సుబ్బన్న గొంతెత్తి చెప్తాడు, సుందరలక్ష్మి అంతకు తగ్గట్టు ఎసరు పెడుతుంది. శెనక్కాయల మండీ నడిపే ఇల్లు కాబట్టి, ఏ రైతు ఎప్పుడు భోజనానికి దిగుతాడో ముందే తెలియడం ఆమెకు పెద్ద సుఖం.

ఆ కారు కొన్నది రెండువేల ఏడులో. శెనక్కాయకు మంచి ధర పలికిన ఏడాది అది. కొడుకు అజయ్ చిన్నాచితకా కారు వద్దని పట్టుబట్టి తండ్రిని హైదరాబాదు షోరూముకు తీసుకుపోయాడు. అక్కడ రెండు ఖరీదైన కార్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికి టచ్‌స్క్రీన్. వేలు ఆనిస్తే చాలు, పాట మారుతుంది, ఏసీ పెరుగుతుంది. అజయ్ మనసు దానిమీదే. రెండోదానికీ తెర ఉంది గాని ముట్టుకుంటే పలకదు. అన్నిటికీ ఒకటే నాబ్. తిప్పాలి, నొక్కాలి, మళ్ళీ తిప్పాలి. ఒక్క పాట మార్చడానికి ఇన్ని మెలికలా అని అజయ్ విసుక్కున్నాడు.

సుబ్బన్న టచ్‌స్క్రీన్ కారును బయట ఎండలోకి తెప్పించాడు. మిట్టమధ్యాహ్నం వెలుగుకు తెర మీద ఆయన మొహం తప్ప ఇంకేమీ కనపడలేదు. ఎర్రమట్టి చేతులతో ముట్టుకుంటే ఏమవుతుందని అడిగితే, తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ ఇస్తామని సేల్స్‌మన్ చెప్పాడు. తెర మీద బొత్తాం యాడుండాదో కన్ను వెతకాల, ఆ కన్ను దోవ మీద ఉండొద్దా అని సుబ్బన్న గొణిగాడు.

తర్వాత రెండో కారులో కూర్చున్నాడు. ఎద్దుల బేరం చేసిన చెయ్యి కదా, పాత అలవాటు కొద్దీ నాబ్ మీద తువ్వాల కప్పి, కింద చెయ్యి పెట్టి, నీ ధరలో ఎన్ని లక్షలు తగ్గుతాయని మనసులో అడిగాడు. నాబ్ ఆయన వేళ్ళు రెండు పట్టుకుంది. రెండు తగ్గిస్తారంట కదప్పా అని సుబ్బన్న అనేసరికి సేల్స్‌మన్ లోపలికి పోయి మేనేజరును కలిసి వచ్చి, తగ్గిస్తామన్నాడు. పైగా, "ఈ మోడల్ ఇట్లా పట్టుకుంటుంది సార్, ఆ టచ్‌స్క్రీన్ దాంట్లో ఈ సదుపాయం లేదు" అని చెప్పాడు. ఆ కారే కొన్నారు.

అజయ్ నెలరోజులు మూతి ముడుచుకునే నడిపాడు. నాబ్ తిప్పి తెర మీద మ్యాప్ తెరిస్తే ఖాళీ బయలు, మధ్యలో ఒక బాణం గుర్తు. మన దేశం ఇంకా రాలేదని కంపెనీ వాళ్ళు చెప్పారు. అయితే నెల తిరిగేసరికి నాబ్ మెలికలు అజయ్ చేతికి పట్టుబడ్డాయి. ఆత్మకూరు దారిలో మేకల మంద అడ్డొచ్చినా కన్ను తిప్పకుండా పాట మార్చగలుగుతున్నాడు. ఒకరోజు ఆ సంగతి తండ్రితో ఒప్పుకున్నాడు కూడా. వీధిలోవాళ్ళు కూడా తువ్వాళ్ళు తెచ్చుకుని గ్యాసుబండ ఎన్ని రోజులకు వస్తుంది, కరెంటు ఎన్ని గంటలకు వస్తుంది అని అడిగి పోయేవాళ్ళు. ఐదు దాటిన లెక్క నాబ్ చెప్పదని అందరికీ తెలుసు.

సుబ్బన్నకు ఆ తువ్వాల బేరం మీద ఎంత మమకారమో అంత మంట. పదకొండేళ్ళ కిందటిదాకా ఆయన ఆలూరు సంతలో ఎద్దులు కొని కడప పక్క అమ్మేవాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. నడుమ నిలిచిన దళారి తువ్వాల కింద అమ్మేవాడి వేళ్ళూ కొనేవాడి వేళ్ళూ పట్టి చెప్తాడు. సుబ్బన్నకు దళారి మారెన్న. ఒకరోజు ఒక జత ఎద్దులకు మారెన్న మూడు వేళ్ళు పట్టాడని సుబ్బన్న, కాదు నాలుగు పట్టానని మారెన్న. తువ్వాల కింద జరిగినదానికి సాక్షి ఉండడు. సుబ్బన్న ఎద్దు మూపురం మీద చెయ్యివేసి మూడేనని ప్రమాణం చేశాడు. సంత పెద్ద ఏసన్న ఆ ప్రమాణాన్నే నమ్మాడు. ఆ రోజునుంచి మారెన్న తువ్వాల కింద చెయ్యి పెట్టినవాడు లేడు. మాట మార్చే మనిషన్న పేరు పడింది. ఏటా ఇంటికి తాళం వేసి, పెళ్ళాంతో కలిసి గుంటూరు పక్క మిరప కోతలకు పోయే బతుకయింది. సుబ్బన్న కూడా ఎద్దుల బేరం మానుకుని, కాటా మీద తూచి నోటితో ధర చెప్పే శెనక్కాయల్లోకి మారాడు. మారెన్న పేరెత్తితే ఇప్పటికీ ఆయనకు ఒళ్ళు మండుతుంది.

అట్లాంటిది, కారు వచ్చిన రెండు నెలలకు నాబ్ లెక్క తప్పింది. ముగ్గురని సుబ్బన్న చెప్పిన రోజు నలుగురు వచ్చారు. వారం తర్వాత మళ్ళీ అట్లాగే. మూడోసారి సుందరలక్ష్మి తన కంచంలో అన్నం తీసి వడ్డించాల్సి వచ్చింది. అజయ్ కంపెనీకి ఫోన్ చేస్తే, బండిని హైదరాబాదు తెస్తే సాఫ్ట్‌వేర్ మారుస్తామన్నారు.

కోడలు శ్రీవిద్య ఏదైనా తేలేదాకా వదలని మనిషి. ఆడవాళ్ళు తువ్వాల కింద చెయ్యి పెట్టడం ఆలూరు సంతలో లేదు గాని, కారు తన ఇంటి వాకిట్లోదే కదా. మామ స్నానానికి పోయినప్పుడు ఆమె నాబ్ మీద చెంగు కప్పి అడిగింది. నాబ్ నాలుగు వేళ్ళూ గట్టిగా పట్టుకుంది. కాసేపటికి సుబ్బన్న వచ్చి చెయ్యి పెట్టి మూడన్నాడు. ఆ మధ్యాహ్నం నలుగురే వచ్చారు. శ్రీవిద్య మామకు చెప్పలేదు, అత్త చెవిన వేసింది.

ఆ సాయంత్రం సుందరలక్ష్మి భర్త పక్కన కూర్చుని, ఆయన కుడిచెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. సుబ్బన్న అటు తిరిగి విత్తనాల సంగతి చెప్తున్నాడు. ఆమె గాజుకున్న పిన్నీసు తీసి ఆయన చిటికెన వేలిలో గుచ్చింది. ఆయన చెప్పుకుంటూనే పోయాడు. రక్తం బొట్టు పంచె మీద పడ్డాక చూసుకున్నాడు.

"గుచ్చినావా?"

"ఎప్పుడో గుచ్చినా. నీకు తెలీలేదు."

ఆ వేలి కిందుగా, మణికట్టు పక్కన పాత మచ్చ ఉంది. మూటలెత్తే కొక్కెం దిగిన మచ్చ. అది దిగింది మారెన్నతో తగువొచ్చిన ఎద్దుల బేరానికి ముందు ఏడాది. పనికిరాని చిటికెన వేలు బతికి ఉందో లేదో ఎవరు చూసుకుంటారు? నాలుగు వేళ్ళు పట్టినా ఆయనకు తెలిసేది మూడే. సుబ్బన్నకు మొదట సిగ్గేసింది, తర్వాత భయమేసింది. ఎద్దు మూపురం మీద పెట్టింది ఈ చెయ్యే. రెండు రోజులు కారు జోలికి పోలేదు. మూడో రోజు, సంత ఎప్పుడో అజయ్‌ను కనుక్కోమన్నాడు.

ఆలూరు సంతలోకి కారు పోయేసరికి పొద్దు బాగా ఎక్కింది. ముందు తండ్రీకొడుకులు, వెనక శ్రీవిద్య. మారెన్న సంత చివర ఎద్దులకు పలుపులు, ముకుతాళ్ళు పేని అమ్ముకుంటూ కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. కారు దిగిన మనిషిని చూసి తల దించుకుని తాడు పేనడంలో పడ్డాడు.

సుబ్బన్న ముందు ఏసన్న దగ్గరకు పోయాడు. చేతికందిన తుమ్మముల్లు ఒకటి విరిచి ఇచ్చి, కళ్ళు మూసుకుని, చిటికెన వేలు చాపి గుచ్చమన్నాడు. ముసలాయన గుచ్చాడు. సుబ్బన్న కళ్ళు తెరవకుండానే, గుచ్చినప్పుడు చెప్పమని అడిగాడు. జనం మూగారు. ముల్లు వేలిలోనే నిలబడి ఉంది.

"మారెన్న నాలుగే పట్టినాడు," అన్నాడు సుబ్బన్న, అందరికీ వినపడేటట్టు. "సచ్చిపోయింది నా యేలు. ఆయప్ప మాట గాదు. పెమానం జేసి ఆయప్ప బతుకు సెడగొట్టినోన్ని నేను."

మారెన్న లేచి వచ్చి ఆ వేలిని చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నారు. ఆయన గొంతు మాత్రం చాలా మెత్తగా వచ్చింది.

"నేనే నాలుగు పట్టబోయి మూడు పట్టినానేమో అనుకుంటి సుబ్బన్నా. మిరప చేలల్లో గూడా నా యేళ్ళు నేనే పట్టుకొని లెక్క సూసుకుంటాంటి. నా చెయ్యి మీద నాకే నమ్మకం పాయె."

సుబ్బన్నకు ఏడుపొచ్చింది. ఏసన్న తన భుజం మీది తువ్వాల తీసి మారెన్న కుడిచేతి మీద వేసి, దాని కింద తన చెయ్యి పెట్టాడు. ఆయన ఎద్దుల జత ఒకటి ఆ రోజే అమ్మాలి. మారెన్న తువ్వాల కింద ఆయన వేళ్ళు పట్టాడు. ఇంకో ఇద్దరు రైతులు తమ ఎద్దులను పట్టుకుని వచ్చి వెనక నిలబడ్డారు.

ఆ బేరాలన్నీ ముగిసేదాకా సుబ్బన్న ఎండలోనే నిలబడ్డాడు. పోయేటప్పుడు ఇంటికి రమ్మని అడగాలనుంది గాని, ఏ మొహంతో అడగాలో తెలియలేదు. వచ్చి కారులో కూర్చున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. తెర మీద ఇంటి నంబరు కనపడింది. అజయ్ నాబ్ తిప్పి నొక్కాడు. తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి, సుందరలక్ష్మి గొంతు కారు స్పీకర్లలోంచి సంత చివరిదాకా వినపడింది.

"మధ్యాన్నమైనా ఎసరు పెట్టకుండా కూచున్నా. ఎంతమంది?"

సుబ్బన్న నాబ్ మీద తువ్వాల కప్పాడు. ఈసారి ఎడమచెయ్యి పెట్టాడు. నాబ్ చిటికెన వేలిదాకా పట్టుకుంది. ఆయన ఆ పట్టు వదిలించుకోకుండా కాసేపు అట్లాగే ఉన్నాడు.

"నలుగురికి పెట్టు."

"పోయింది ముగ్గురే గదా?"

సుబ్బన్న తువ్వాల తీసి భుజం మీద వేసుకున్నాడు. మారెన్న వైపు చూసే ధైర్యం చేయలేదు. మారెన్న మిగిలిన పలుపులను పక్క అంగడి ఆమెకు అప్పజెప్పాడు. పంచె దులుపుకున్నాడు. కారు దగ్గరకు వచ్చి, వెనక సీటు వైపు తొంగి చూశాడు.

శ్రీవిద్య పక్కకు జరిగింది.