ఎనభై ఆరు కిలోల మొక్కు

మంథని ఉపేందర్‌రావు గుండె పట్టుకుని కూలబడింది పంతొమ్మిది వందల ఎనభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో, ఒక పెళ్లి విందులో. మూడో విడత పెరుగన్నం కలుపుకుంటూ అట్లాగే పక్కకు ఒరిగాడు. జీపులో వేసుకుని కరీంనగర్ తీసుకుపోతుంటే, దారి పొడుగునా ఆయన భార్య జానకీబాయి నోట ఒకటే మాట.

“సమ్మక్క తల్లీ, ఈయనను నాకియ్యి. వచ్చే జాతరకు నిలువెత్తు బంగారం ఇస్త.”

నిలువెత్తు బంగారమంటే కంగారు పడకండి, బెల్లం. మనిషిని త్రాసులో ఒక పళ్లెంలో కూర్చోబెట్టి, రెండో పళ్లెంలో అంత బెల్లం తూచి, మేడారం గద్దెల దగ్గర తల్లికి ఇచ్చుకుంటారు. నిజంగా బంగారమే అయ్యుంటే, ఉపేందర్‌రావులాంటి మనిషి కోసం మొక్కే ముందు ఏ ఇల్లాలైనా ఒక్క నిమిషం ఆగేది.

ఆయన బతికాడు. కరీంనగర్ డాక్టరు కుర్రవాడే గానీ నోరు మాత్రం పెద్దవాడిది. ముందు కాంటా ఎక్కించి ఎనభై ఆరు కిలోలని చీటీ మీద రాశాడు. తర్వాత దర్జీవాళ్ల టేపు తీసి ఉపేందర్‌రావు పొట్ట చుట్టూ తిప్పాడు. నలభై రెండు అంగుళాలు.

“ఏంది సార్, అంగీ కుట్టిస్తరా?” అన్నాడు ఉపేందర్‌రావు. చావు తప్పినా వెటకారం తప్పలేదు.

“మీ ఆయుష్షు కొలుస్తున్న. ఉత్త బరువు చూస్తె ఏం తెల్వది. గీ ఎనభై ఆరు కిలోలే బస్తాలు మోసేటోనికి ఉంటే, అండ్ల సగం కండ. మీకు కాళ్లు చేతులు సన్నగున్నయి, ఉన్నదంతా కడుపు చుట్టే ఉంది. గది కరగాలె. కాళ్లకు పని చెప్పుండ్రి, నోటికి జర సెలవియ్యుండ్రి. లేకుంటే మళ్ల గిట్లనే జీపుల వస్తరు. అప్పుడు నేనుండి కూడా లాభముండదు.”

చివరి మాట జానకీబాయి గుండెలో దిగబడిపోయింది. ఇంటికి రాగానే నెయ్యి గిన్నెను అటకెక్కించింది. పొద్దున లేస్తే మొగణ్ని పొలం దాకా నడిపించడం, వచ్చాక రెండు జొన్న రొట్టెలు, ఆకుకూర. మూడో రొట్టె అడిగితే ఆమె నోటితో ఏమీ అనేది కాదు, కళ్లనీళ్లు పెట్టుకునేది. ఆ నీళ్ల ముందు ఏ మొగవాడు మూడో రొట్టె తినగలడు? పాపం, లేచి చేయి కడుక్కునేవాడు.

దసరా నాటికి ఉపేందర్‌రావు డెబ్భై మూడు కిలోలకు దిగాడు. నడుము ముప్పై ఏడుకు వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం లేదు. డాక్టరు సంబరపడి, “నా మందులది ఏం లేదమ్మా, మీరే బతికిచ్చుకున్నరు” అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో జానకీబాయి కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. సంతోషానికి కూడా ఏడుపే వస్తుంది ఆమెకు, ఏం చేస్తాం.

మంథనిలో మాత్రం ఎవరికీ సంబరం కలగలేదు. “అయ్యో దొరా, గింత ఎండిపోయినవేంది? పానం మంచిగ లేదా?” అని ఎదురైన ప్రతివాడూ పరామర్శించేవాడు. పొట్టతో పోబోయినప్పుడు ఒక్కడూ అడగలేదు. పొట్ట పోయి బతికి బట్టకట్టాక ఊరంతా జాలి పడింది.

పండుగకు ఉపేందర్‌రావు అక్క సరళాదేవి పెద్దపల్లి నుంచి వచ్చింది. వంట మొదలుకొని వరినాట్ల దాకా ఆవిడకు తెలియనిది లేదు, తెలిసినది ఊరకే ఉంచుకునే అలవాటూ లేదు. తమ్ముణ్ని కింది నుంచి పైకి చూసి, మరదలిని వంటింట్లోకి పిలిచింది.

“జానకీ, మొక్కిన నాడు మా తమ్ముడు ఎంతుండె?”

“ఎనభై ఆరు, వదినా. చీటీల రాసుంది.”

“మరి గిప్పుడో?”

“డెబ్భై మూడు” అన్నది జానకీబాయి, మెప్పు వస్తుందని.

“అయితె తల్లికి పదమూడు కిలోలు ఎగబెడుతున్నవన్నట్టు! తల్లి నీకు ఎనభై ఆరు కిలోల మనిషిని ఇచ్చింది. నువ్వు డెబ్భై మూడు కిలోల బెల్లం వట్కపోయి ముంగట పెడుతవా? తక్కిన మనిషి ఏడని అడగదా?”

“ఎక్కువ బెల్లం పెడ్త వదినా. పదమూడు కిలోలు మీద ఏస్త.”

“మీద ఏస్తె ముల్లు అటు వాలదా? ముల్లు నడుమ నిలిస్తెనే మొక్కు. వాలితె గది దానం. తల్లికి దానం జేసేటంత పెద్దోళ్లమా మనం?”

ఆ రాత్రి జానకీబాయి కంటి మీద కునుకు పడలేదు. ఇచ్చిన మనిషిని తల్లి వెనక్కి తీసుకుంటే? డాక్టరు మాట ఒకవైపు, వదినె మాట ఇంకోవైపు. డాక్టరు చదువుకున్నవాడే, కాదనలేదు. కానీ జీపులో మొగని తల ఒళ్లో పెట్టుకుని ఆమె పిలిచింది డాక్టరును కాదు కదా.

తెల్లారి అటక మీది నెయ్యి గిన్నె కిందికి దిగింది.

సంగతి చెప్పినప్పుడు ఉపేందర్‌రావు ముఖం చూడాలి! ఆరు నెలలు ఆకుకూర తిన్న మనిషికి సాక్షాత్తు అమ్మవారే నెయ్యి వేసుకొమ్మన్నది. “డాక్టరు ఏమంటడో” అని మాటవరసకు అన్నాడు గానీ, ఆ మాట అనేసరికే పళ్లెం ముందు కూర్చున్నాడు. ఇంత భక్తి తనలో ఉందని ఆయనకే తెలియదు. పొద్దున సర్వపిండి, మధ్యాహ్నం యాట మాంసం కూర, సందకాడ నెయ్యీ బెల్లమూ కలిపిన మలీద ముద్దలు, పడుకోబోయే ముందు గ్లాసెడు చిక్కటి పాలు. నడిస్తే కరుగుతుందని నడక మాన్పించారు. పొలానికి జీతగాడు పోయాడు, ఉపేందర్‌రావు అరుగు మీద కుర్చీకి పోయాడు.

వారానికోసారి రైసుమిల్లులో బస్తాలు తూచే కాంటా మీద ఆయనను నిలబెట్టేవారు. డెబ్భై ఆరు. డెబ్భై తొమ్మిది. ఎనభై రెండు. ప్రతి కిలోకూ జానకీబాయి దండం పెట్టుకునేది, ఆ వెంటనే మొగని ఎదమీద చెవి పెట్టి వినేది. ఊళ్లోవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. “గిప్పుడు దొర లెక్క ఉన్నవ్!” అన్నారు.

జాతరకు నాలుగు రోజుల ముందు సిద్దిరాములు కిరాణా కొట్టు ముందు పెద్ద తరాజు కట్టారు. ఉపేందర్‌రావు ఒక పళ్లెంలో బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. రెండో పళ్లెంలో ఎనభై ఆరు కిలోల బెల్లం ముందే తూచి పెట్టారు. బెల్లం పళ్లెం కిందికి దిగింది, మనిషి పళ్లెం పైన నిలిచింది.

“కిలోన్నర తక్కువ పడుతుంది దొరసానీ” అన్నాడు సిద్దిరాములు. “ఓ ముద్ద తీసేద్దామా?”

“ముట్టకు!” అని కేక పెట్టింది సరళాదేవి. చెంబెడు మజ్జిగ తెప్పించి తమ్మునికి తాగించింది. ఇంకో చెంబు తాగించింది. రెండో చెంబు అడుగంటాక ముల్లు మెల్లగా నడిమికి వచ్చి నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. జానకీబాయి కళ్లు మూసుకుని, హమ్మయ్య అనుకుంది. పళ్లెంలోంచి లేవడానికి ఉపేందర్‌రావుకు ఇద్దరు మనుషుల సాయం కావాల్సి వచ్చింది.

మేడారంలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఎన్ని కిలోలని అడుగుతారేమోనని జానకీబాయి దారంతా జవాబు వల్లె వేసుకుంటూ వచ్చింది. ఎవరూ అడగలేదు. బస్తాలు విప్పడమే ఆలస్యం, ముద్దలన్నీ చేతుల మీదుగా ముందుకు పోయి, గద్దె మీది గుట్టలో కలిసిపోయాయి. ఏది ఎవరి మొక్కో చెప్పగలిగే నాథుడు లేడు. ఉండబట్టలేక ఆమె, గద్దె పక్కన బెల్లం అందుకుంటున్న ముసలాయనతో తానే చెప్పింది.

“ఎనభై ఆరు కిలోలు తాతా. సరిగ్గా తూచినం.”

“తల్లికి తరాజు ఎందుకు బిడ్డా? పిడికెడు తెచ్చినా గామెకు ఒకటే. జర జరుగు, ఎనుక జనమున్నరు.”

ఆమె జరిగింది. వెనక్కి చూస్తే మొగడు పది అడుగుల దూరంలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగరుస్తున్నాడు. బెల్లమంతా తల్లికి చేరింది. దానికోసం పెంచిన పదమూడు కిలోలను మాత్రం ఎవరూ అందుకోలేదు, అవి మొగని దగ్గరే ఉండిపోయాయి.

వారం తిరగకుండా కరీంనగర్ పోయారు. కాంటా ఎనభై ఆరు చూపింది. డాక్టరు టేపు చుట్టాడు, ఒకసారికి నమ్మక మళ్లీ చుట్టాడు. నలభై నాలుగు.

“అదే బరువు గద సార్, నడుమెట్ల పెరిగింది?” అన్నది జానకీబాయి.

“అప్పుడు అండ్ల ఇంత కండన్న ఉండె. కుర్చీల కూసోబెట్టి మేపిన్రు, గదీ పోయింది. కాంటాకు ఏమెరుక, బరువు ఏ కడ ఉన్నదో? గుండెకు ఎరుక. అప్పటికన్న గిప్పుడే హాలత్ ఖరాబుంది.” డాక్టరు కలం కింద పెట్టాడు. “అంత మంచిగ తగ్గిచ్చి గిదేం పనమ్మా? ఎవలు చెప్పిన్రు మీకు?”

తల్లి చెప్పిందని అనబోయి ఆమె ఆగిపోయింది. తల్లి ఏమీ అడగలేదు. ఎనభై ఆరు అన్నది కరీంనగర్ చీటీ, లెక్క కట్టింది వదినె, వండి పెట్టింది తను. తన చేత్తోనే, ముద్ద ముద్దకూ దండం పెట్టుకుంటూ, మొగణ్ని మళ్లీ జీపు దగ్గరికి తెచ్చింది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

బయటికి వచ్చి నాలుగు మెట్లు దిగేసరికి ఉపేందర్‌రావు గోడకు ఆనుకున్నాడు. ముఖమంతా చెమట. ఆమె కళ్లు మూసుకుని పెదవులు కదపడం చూసి, ఆయన ఉన్న ఊపిరంతా కూడదీసుకున్నాడు.

“జానకీ... మళ్ల ఏమన్న మొక్కినవా?”

“నోటిదాకొచ్చింది” అన్నదామె, ఆయన చేయి గట్టిగా పట్టుకుని. “మింగిన.”