పద్నాలుగో మంచం

ఆస్పత్రి గేటు బయట ముసలాయన ఊపిరందక కొట్టుకుంటున్న సమయానికి, లోపల జనరల్ వార్డులో నలభై మంచాలకు కొత్త దుప్పట్లు పరుస్తున్నారు. ఆ నలభై మంచాల మీదా ఒక్క మనిషి లేడు.

ముసలాయన్ని కోడలు తోపుడు బండి మీద పడుకోబెట్టి తోసుకొచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మంచాల్లేవమ్మా. ఎల్లుండి రండి."

"ఎల్లుండిదాకా ఉంటాడా అయ్యా? చూడు ఎలా ఎగపోస్తున్నాడో!"

"నన్నేం చెయ్యమంటావు తల్లీ? నాకు చెప్పమన్న మాట నేను చెబుతున్నా."

హౌస్ సర్జన్ అమ్మాయి అప్పుడే ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపులోంచి ఖాళీ కేస్ షీట్ల కట్ట మోసుకొస్తోంది. ఆమెను ఆస్పత్రిలో అందరూ చిన్న డాక్టరమ్మ అంటారు. బండి మీద మనిషి పెదవులు నల్లబడటం చూసి, కట్ట అక్కడే పడేసి, ఆక్సిజన్ కోసం లోపలికి పరుగెత్తింది. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు ఫోనులోంచి తల ఎత్తలేదు.

"రేపు ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ఎవర్నీ చేర్చుకోవద్దని డీన్ గారి ఆర్డరు. రోగుల లిస్టు టైపు కూడా అయిపోయింది. ఇప్పుడొకణ్ణి ఎక్కడ ఇరికిస్తాం?"

మాటకు మాట అనేసి, సిలిండరు తానే దొర్లించుకుంటూ ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి ఇక దాని అవసరం లేకపోయింది. కోడలు బండి పక్కన నేల మీద కూర్చుని ఉంది. గట్టిగా ఏడవటానికి కూడా ఇంకా ఓపిక రాలేదు.

అప్పుడే బస్సొచ్చి ఆగింది. ముందు మేస్త్రీ దిగాడు. ఊళ్ళో ఎక్కడ గోడ లేపినా, ఎక్కడ రాయి కొట్టినా కూలీలను తోలేది ఇతనే. ఇప్పుడు ఆస్పత్రికి రోగులను కూడా తోలుతున్నాడు. అతని వెనకే నలభై మంది కూలీలు దిగి, నడుచుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ గేటులోకి వెళ్ళారు. వాళ్ళను వాచ్‌మన్ అడ్డుకోలేదు. అందులో ఒక బక్కపలచని ఆడమనిషి మాత్రం బండి దగ్గర ఆగింది. ముసలాయన కండువా తీసి మొహం మీద కప్పి, దగ్గుకుంటూ లోపలికి వెళ్ళింది.

ఆ ఆస్పత్రిని నడిపే మెడికల్ కాలేజీ సంగతి కాస్త చెప్పుకోవాలి. డాక్టర్లను తయారుచేసే కాలేజీ కనుక దానికో ఆస్పత్రి ఉండాలి, ఆస్పత్రి అన్నాక రోగులు ఉండాలి. రోగులు రావాలంటే వైద్యం చెయ్యాలి. అదంతా పెద్ద తలనొప్పి. ఏడాదికోసారి తనిఖీకి వచ్చే పెద్దమనుషులు మంచాల మీద మనుషులను లెక్కపెట్టి పోతారు, అంతే. అందుకని ఆ ఒక్క రోజుకు మనుషులను కూలికి తెచ్చుకునే పద్ధతిని డీన్ గారు కనిపెట్టాడు. ఆయన ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. ఫీజు కట్టలేని పిల్లవాణ్ణి పరీక్ష హాల్లోంచి పంపేసిన రోజు కూడా నవ్వుతూనే పంపాడు. పిల్లలు ఆయనకు నవ్వుల సారు అని పేరు పెట్టారు.

చిన్న డాక్టరమ్మ హౌస్ సర్జన్సీ ఇంకో పదిహేను రోజుల్లో అయిపోతుంది. చివర్లో సర్టిఫికెట్ మీద నవ్వుల సారు సంతకం పడాలి. అంతకంటే పెద్ద ఆశ ఇంకోటుంది. చర్మ వ్యాధుల విభాగంలో పై చదువుకు ఒక సీటు ఆయన చేతిలో ఉంది, అది ఆమెకే అని మాటిచ్చాడు. ఎందుకు చర్మమే అంటే, అద్దాల గది, చల్లగాలి, మొటిమలు పోగొట్టుకోవాలనుకునే మర్యాదస్తులు. గుండెలు బాదుకునే చుట్టాలు ఆ గదికి రారు. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే వాళ్ళ నాన్న, కూతురి బోర్డు మీద అక్షరాలు ఏ రంగులో ఉండాలో కూడా తోటివాళ్ళతో మాట్లాడేశాడు.

ఆ సీటు కోసమే ఆమె పన్నెండు దొంగ కేస్ షీట్లు రాసింది. రోగులు రాకముందే వాళ్ళ జబ్బులు తయారు. తొమ్మిదో మంచానికి న్యుమోనియా, పదకొండుకు కామెర్లు, పద్నాలుగుకు క్షయ. అన్నీ పుస్తకంలోంచి దించింది. కాపీ కొట్టే పిల్లకు కూడా కాస్త సిగ్గుంటుంది. ఈవిడ చక్కగా ఎర్ర సిరాతో గీతలు కూడా కొట్టింది.

మధ్యాహ్నం కూలీలకు పాఠం చెప్పడం మొదలైంది. గేటు దగ్గర కండువా కప్పిన మనిషే పద్నాలుగో మంచం మీద కూర్చుని ఉంది. కంకర క్వారీలో రాళ్ళు కొడుతుందట.

"నీకేం జబ్బో గుర్తుపెట్టుకో అక్కా. రెండు నెలల నుంచీ దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గావు. ఏదీ, చెప్పు."

ఆమె తడుముకోకుండా చెప్పింది. "రెండు కాదమ్మా, ఐదు నెలలు. పొద్దుగూకితే ఒళ్ళు కాగిపోతుంది. తెల్లారేసరికి చెమటకి జాకెట్టు తడిసి ముద్దవుతుంది. మొన్నట్నుంచీ కళ్ళెలో నెత్తురు జీర కూడా పడుతోంది."

చిన్న డాక్టరమ్మ నవ్వేసింది. "అబ్బో, నేను చెప్పనివి కూడా భలే కలిపావే! అంత అక్కర్లేదులే."

"నేనేం కలపలేదమ్మా. ఉన్నదే చెప్పాను."

చిన్న డాక్టరమ్మ నవ్వడం ఆపి, ఆమెను వెనక్కి తిరగమంది. ఏడాదిగా మెడలో వేలాడుతున్న స్టెత్‌ను తీసి ఆమె వీపు మీద పెట్టింది. రోగులే లేని ఆస్పత్రిలో చదివిన డాక్టరు, ఎన్ని ఛాతీలు విని ఉంటుంది గనుక! అయినా ఊపిరితిత్తి పైభాగంలో గరగర వినడానికి గొప్ప చెవులు అక్కర్లేదు. తాను అబద్ధమనుకుని రాసిన షీటు అక్షరాలా నిజమైపోయింది. ఆమెకు తన చేతిరాత చూస్తే అసహ్యం వేసింది.

నేరుగా డీన్ గదికి వెళ్ళింది.

"సార్, పద్నాలుగో మంచం ఆమెకు నిజంగానే టీబీ ఉన్నట్టుంది. కళ్ళె పరీక్ష, ఎక్స్‌రే చేయించాలి."

నవ్వుల సారు నవ్వాడు. "కూలికొచ్చిన వాళ్ళు రోగులు కారు అమ్మాయ్. రేపు సాయంత్రం బస్సెక్కి పోతారు."

"మనమే రోగి అని రాశాం కదా సార్?"

"అది కాగితం."

"కనీసం కళ్ళె పరీక్ష..."

"ల్యాబ్‌లో మైక్రోస్కోపులు చూపించడానికి అద్దెకు తెచ్చాం. మరకలైతే తిరిగి తీసుకోరు." ఆయన పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీశాడు. "పదిహేను రోజులు ఓపిక పట్టు. డాక్టరువైపోతావు. తర్వాత నీ ఇష్టం, ఎంతమందిని చూసుకుంటావో చూసుకో. ఈలోపు నా సంతకంతో ఆటలాడకు."

ఆ సాయంత్రం మెస్‌లో హౌస్ సర్జన్లంతా పోగయ్యారు, ఇరవై రెండు మంది. చిన్న డాక్టరమ్మ జరిగింది చెప్పింది. ముందుగా లేచినవాడు బుక్కు. ఎప్పుడూ పుస్తకంలో తలదూర్చి ఉంటాడు కనుక ఆ పేరు.

"ఆవేశపడకు. ముందు సర్టిఫికెట్ తెచ్చుకుందాం, సీటు తెచ్చుకుందాం. చేతిలో డిగ్రీ ఉంటే పేదవాళ్ళకి ఎంతైనా చెయ్యొచ్చు."

"ఎప్పుడు చేస్తావురా?"

"సెటిలయ్యాక."

"నవ్వుల సారు కూడా సెటిలయ్యాక చేద్దామనుకునే ఉంటాడు" అన్నారెవరో. కొందరు నవ్వారు, కొందరు తల దించుకున్నారు.

ఒకమ్మాయి ఇంట్లో అప్పుల గురించి చెప్పింది, ఇంకొకడు వాళ్ళ నాన్న బీపీ గురించి. చదువుకున్నవాళ్ళ దగ్గర భయానికి ఎన్ని మర్యాదైన పేర్లుంటాయో అక్కడ ఒక గంట కూర్చుంటే తెలుస్తుంది. అంతలో వార్డు ఆయమ్మ లోపలికి వచ్చింది. పాతికేళ్ళుగా ఆ ఆస్పత్రి నేల తుడుస్తున్న మనిషి. ఆమె వెనక పద్నాలుగో మంచం అక్క, మరో నలుగురు కూలీలు ఉన్నారు.

"మా గురించేనంటగా మీటింగు. మమ్మల్ని పిలవలేదేం?" అంది ఆయమ్మ.

ఇద్దరు ముగ్గురు జరిగి బల్ల మీద చోటిచ్చారు.

అక్క గోడకు ఆనుకుని దగ్గు తగ్గేదాకా ఆగి, మాట్లాడింది. "పొద్దున గేటు దగ్గర ముసలాయన మొహం కప్పింది నేనే. ఆయన్ని పడుకోబెట్టాల్సిన మంచం మీద నన్ను పడుకోబెట్టారు. నాకు నిద్దరెట్లా పడుతుంది?"

"రేపు ఉన్నదున్నట్టు చెప్పేద్దాం" అన్నాడొక కూలీ.

"చెబితే ఏమవుద్ది? రాసుకుని పోతారు. సాయంత్రానికి మేస్త్రీ మనల్ని బస్సెక్కిస్తాడు." అక్క తల అడ్డంగా ఊపింది. "చెప్పి ఊరుకోవద్దు. మంచం దిగొద్దు. మనల్ని పడుకోబెట్టింది వాళ్ళే. చూడమందాం. ఒక్కొక్కర్నీ నిజంగా చూసేదాకా ఎవ్వరం దిగొద్దు."

"మేస్త్రీ మళ్ళీ పనికి పిలవడే!" అన్నాడింకో కూలీ.

"నలభై మందినీ మానిపిస్తే రాళ్ళు వాడే కొట్టుకుంటాడా?"

బుక్కు పుస్తకం మూశాడు. "మరి మా బతుకులు?"

"మీ బతుకులకేం బాబూ" అంది ఆయమ్మ. "కొంచెం ఆలస్యంగా మొదలవుతాయి, అంతేగా."

మర్నాడు ముగ్గురు తనిఖీ పెద్దమనుషులు వచ్చారు. ఒకాయన గోడల రంగు మెచ్చుకున్నాడు. ఇంకొకాయన నడుస్తూనే వేలితో మంచాలు లెక్కపెట్టాడు. మొహాలెవరూ చూడలేదు. పద్నాలుగో మంచం దగ్గర మాత్రం, ఏదో ఒకటి అడగాలి కనుక, మూడో ఆయన ఆగాడు.

"ఏంటమ్మా నీ జబ్బు?"

"దగ్గండీ. నెత్తురు పడుతోంది. ఇక్కడ ఎవరూ చూడరంట, నేను కూలికొచ్చాను గనక."

నవ్వుల సారు గట్టిగా నవ్వాడు. "జ్వరంలో ఏదో..."

"జ్వరం ఉంది, మతి పోలేదు" అందామె. "మేమంతా మేస్త్రీ తోలుకొచ్చిన కూలీలం. అసలు రోగి నిన్న మీ గేటు బయటే పోయాడు."

తనిఖీ ఆయన కేస్ షీటు తీశాడు. "ఇది రాసిందెవరు?"

చిన్న డాక్టరమ్మ ముందుకు వచ్చింది. నాన్న మొహం, ఇంకా రాయని ఆ బోర్డు, రెండూ కళ్ళముందు ఆడాయి.

"నేనే సార్. పన్నెండు నేనే రాశాను, మనిషిని చూడకుండా. పదకొండు అబద్ధం. ఇదొక్కటి నిజం, అదీ నాకు తెలియకుండా."

ఆ తర్వాత వెనక నుంచి ఒక గొంతు లేచింది. "ఇరవై నుంచి ఇరవై ఎనిమిది దాకా నేను రాశాను." అది బుక్కు. ఇంకొకరు, మరొకరు. రాసినవాళ్ళంతా ఒప్పుకున్నారు.

తనిఖీ పెద్దమనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఇవన్నీ మా పరిధిలోకి రావు. మేం చూసేది సౌకర్యాలు" అన్నాడు పెద్దాయన. గడియారం చూసుకున్నాడు. ముగ్గురూ భోజనానికి వెళ్ళిపోయారు. దొంగతనం జరుగుతుంటే ఇంటి కిటికీలు బాగున్నాయని మెచ్చుకుని పోయే రకం.

డీన్ మొహం మీద నవ్వు మొదటిసారి మాయమైంది. మేస్త్రీ వార్డులోకి వచ్చి అరిచాడు. "లేవండ్రా! బస్సెక్కండి!"

ఎవరూ లేవలేదు. నలభై మందీ దుప్పట్లు గొంతుదాకా లాక్కున్నారు.

"వాళ్ళు రోగులు. కదిలించకూడదు" అంది ఆయమ్మ, చీపురు అడ్డం పెట్టి.

హౌస్ సర్జన్లు స్టూళ్ళు లాక్కుని మంచాల పక్కన కూర్చున్నారు. కొత్త షీట్లు తీశారు. ఈసారి పుస్తకం లేదు. అడిగారు, పట్టి చూశారు, విన్నారు, తెలియని చోట ఒకరినొకరు అడిగారు. ఇరవై ఆరో మంచం అతనికి రెండేళ్ళుగా మానని పుండు. ముప్పై ఒకటిలో పిల్లకు ఒంట్లో రక్తమే లేదు. క్వారీ నుంచి వచ్చిన పదకొండు మంది ఛాతీల్లో ఏడు బాగాలేవు. ఈ మనుషులను ఇన్నాళ్ళూ ఎవరూ తాకి చూడలేదు. ల్యాబ్ టెక్నీషియన్ తాళం తీశాడు. అద్దె మైక్రోస్కోపు కింద, అక్క కళ్ళెలో, నీలం రంగు మీద సన్నటి ఎర్రటి పుల్లల్లా క్షయ క్రిములు కనిపించాయి. చిన్న డాక్టరమ్మ చాలాసేపు కన్ను తీయలేదు. ఏ విభాగంలో చేరాలని ఏడాదిగా తల బద్దలు కొట్టుకుంది. ఇప్పుడు ఆ ప్రశ్నే గుర్తు రాలేదు. అక్కకు ఆ పూటే మొదటి మందులు మింగించింది.

మధ్యాహ్నం మూడింటికి పోలీసులొచ్చారు. రోగులను మంచాల మీంచి దింపడానికి ఆస్పత్రికి పోలీసులు! ముందు చిన్న డాక్టరమ్మనే పట్టుకున్నారు. ఫిర్యాదు డీన్ ఇచ్చాడు: దొంగ కేస్ షీట్లు రాసిన నేరం.

"రాశావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రాశాను. రాయించినాయన మీ వెనకే ఉన్నాడు."

"నీ సీటు పోయింది, సర్టిఫికెట్ పోయింది" అన్నాడు డీన్, పళ్ళ మధ్య నుంచి.

ఆమె స్టెత్ తీసి బుక్కు చేతికిచ్చింది. వాడు వెళ్ళి పద్నాలుగో మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

వ్యానెక్కేముందు నాన్నకు ఫోన్ చేసింది. "నాన్నా, బోర్డు ఇప్పుడే రాయించకు. నన్ను స్టేషన్‌కి తీసుకెళ్తున్నారు."

అవతల ఇంజను ఆపిన చప్పుడు వినిపించింది. "ఎందుకమ్మా?"

ఆమె రెండు ముక్కల్లో చెప్పింది.

"ఉండు. డిపోలో అందర్నీ వెంటేసుకొస్తా" అన్నాడాయన.

వ్యాను గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. కబురు క్వారీకి చేరినట్టుంది, రోడ్డు నిండా జనం. దగ్గేవాళ్ళు, కుంటేవాళ్ళు, ఒకరి భుజం ఒకరు పట్టుకున్నవాళ్ళు. అందరికంటే ముందు అదే తోపుడు బండి. చచ్చిపోయిన ముసలాయన కోడలే తోస్తోంది. ఈసారి బండి మీద పొరుగింటి ఆడమనిషి ఉంది. వాచ్‌మన్ రెండు తలుపులూ బార్లా తెరిచాడు. బండి లోపలికి వెళ్ళింది, జనం వెళ్ళారు, పోలీసుల వ్యాను వాళ్ళకు దారిచ్చి పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది.

అంతలో రోడ్డు మీద, జనం వెనక నుంచి రెండో పోలీసు వ్యాను హారన్ కొట్టుకుంటూ వచ్చింది. వాచ్‌మన్ దాన్ని చూశాడు. నింపాదిగా తలుపులు మూసి, గొళ్ళెం వేసి, ఊచల మధ్య నుంచి మొహం పెట్టాడు.

"మంచాల్లేవు" అన్నాడు. "ఎల్లుండి రండి."