ఎడమ చేతి మర్యాద

ట్రాయ్‌లో చక్రపాణి కన్సల్టెన్సీ నడిపే గెస్ట్‌హౌస్‌లో గెస్టులెవరూ లేరు, అది హౌసూ కాదు. నేల మీద పరుపులు, పరుపుకొక అమ్మాయి. 2009, ఉద్యోగాలు ఊడిపోతున్న ఏడాది. ప్రాజెక్ట్ దొరికేదాకా అక్కడే పడుండాలి. బయట గది తీసుకుంటే వీసా ఫైల్ వెనక్కి తీసుకుంటానంటాడు చక్రపాణి. తలుపుకి బయటి నుంచి తాళం వెయ్యడు. వెయ్యాల్సిన పనేముంది?

ఆ అమ్మాయిల్లో దేదీప్య బయట గది వెతుక్కుంది. పక్క ఊరు మాడిసన్ హైట్స్‌లో, తనతో చదివిన వియత్నాం అమ్మాయి లాన్ వాళ్లింట్లో. ఇవ్వాలా వద్దా అన్నది లాన్ వాళ్లమ్మ చెప్పాలి. ఆదివారం వాళ్ల నాన్న తద్దినం, భోజనానికి రమ్మంది లాన్. ముసలామె అప్పుడు దేదీప్యని చూసి చెబుతుందట.

"పళ్లు తీసుకెళ్లు. పెద్దావిడ ముందు ఎడం చెయ్యి మాత్రం బయటపెట్టకు తల్లీ" అంది పక్క పరుపు సుధ. "ఆ గదిలో రెండో మంచం నాది. చెడగొట్టావో, చంపేస్తా."

దేదీప్య గడప దగ్గర చెప్పులు విడిచింది. ఫొటో ముందు అగరొత్తులు వెలుగుతున్నాయి. కమలాపళ్ల సంచిని కుడిచేత్తో ముసలామెకి అందించింది. ఎడమ చెయ్యి వీపు వెనక దాచింది, చిన్నప్పుడు నేర్పినట్టే. ముసలామె మొహం బిగుసుకుంది. లాన్ గబగబా వచ్చి సంచిని రెండు చేతులా అందుకుంది.

భోజనాల దగ్గర అందరూ గిన్నెలు ఎడమ చేత్తో పైకెత్తి తింటున్నారు. దేదీప్య గిన్నె బల్ల మీదే ఉంది, ఎడమ చెయ్యి ఒళ్లో. మాంసం తినదని లాన్ టోఫూ చేయించింది. ముసలామె దాన్ని దేదీప్య గిన్నెలో వేసి ఏదో అంది.

"నీ చేతికి దెబ్బ తగిలిందా అంటోంది" అంది లాన్.

"లేదే."

"మరెందుకు దాస్తున్నావ్? మాలో ఒంటి చేత్తో ఇస్తే ఎదుటివాళ్లంటే లెక్కలేనట్టు. గిన్నె ఎత్తకపోతే అన్నం నచ్చనట్టు. మా అమ్మ హర్టయింది."

దేదీప్యకి అటు గోడ, ఇటు ముసలామె. అన్నం దగ్గర ఎడమ చెయ్యి కదిలితే చాలు, చిన్నప్పుడు తనమ్మ వేసిన దెబ్బలన్నీ ఆ చేతికి గుర్తొస్తాయి. కదలకపోతే గది పోతుంది, మళ్లీ ఆ పరుపే.

"మా వైపు ఎడం చేత్తో ఇస్తే అవమానం. మీ అమ్మకి మర్యాద చేద్దామనే దాచాను."

లాన్ ఆ మాట తల్లికి చెప్పింది. ముసలామె దేదీప్య ఒళ్లోంచి ఆ చేతిని పట్టి లాగి, గిన్నె కింద పెట్టి, వేళ్లు ముడిచింది. గిన్నె లేచింది. దేదీప్య తింది.

వెళ్లేటప్పుడు ముసలామె గది తాళంచెవి రెండు చేతులా ఇచ్చింది. దేదీప్య రెండు చేతులా అందుకుంది.

సాయంత్రం పెట్టెతో బయల్దేరిన దేదీప్యకి అడ్డంగా చక్రపాణి గెస్ట్‌హౌస్ గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఫైల్ నా దగ్గరుంది. ఎక్కడికి పోతావ్?"

"మాడిసన్ హైట్స్‌కి సార్."

"దాన్ని విత్‌డ్రా చేస్తే ఈ దేశంలో ఏంటి నీ స్టేటస్?"

ఆమె పెట్టెని గుమ్మం వైపు జరిపింది. ఫైల్ నిజంగానే అతని దగ్గరుంది. రేపు కూడా అక్కడే ఉంటుంది.

"సరే, కీ ఇటివ్వు" అని చెయ్యి చాపాడు.

గెస్ట్‌హౌస్ తాళంచెవి ఆమె కుడిచేతిలో ఉంది. దాన్ని ఎడమ చేతిలోకి మార్చి, అతని ముందుకి చాపింది.

చక్రపాణి చెయ్యి వెనక్కి పోయింది. "ఎడం చేత్తో ఇస్తావా?"

"తీసుకోండి సార్."

లోపల సుధ తన పరుపు చుట్టడం మొదలుపెట్టింది.