తెర వెనక తయారయ్యే సరుకు

"ఒసే, గంగులు మడి పల్లమా, మెరకా?"

రంగనాథం కొట్టులోంచి తెరవైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. వెనక చింతపండు పిక్కలు తీస్తున్న నీలవేణి తలెత్తకుండానే, "మెరక. నిరుడు నీరందక ఎండిపోనాది," అంది.

మరుక్షణం మొగుడి గొంతు వీధికి వినిపించింది. "నీది మెరక కాదేట్రా? నిరుడు ఎండిపోనేదేటి?"

"సావుకారి బుర్రే బుర్ర!" అని గంగులు మురిసిపోయాడు.

విత్తనాల వేళ ఆమదాలవలసలో రైతులు ఆ కొట్టుకే వచ్చేది ఆ బుర్రను నమ్మి. ఎవరి మడి ఎలాంటిది, ఎవరికి ఏ రకం కలిసొచ్చింది, అన్నీ నీలవేణికి నోటికొచ్చు. కానీ ఆ ఇంట్లో ఆడది గద్దె ఎక్కకూడదు. "కోడలు కొట్లో కూకుంటే ఊరు నవ్వుతాది," అని అత్త లక్ష్మణమ్మ కాపురానికొచ్చిన నాడే చెప్పింది. మొగుడిది ఇంకో మాట: "నీకేటే, నీడపట్టున కూకుని తలుసుకుంటావు. కష్టమేటి?" నిజమే కాబోలు అనుకునేది నీలవేణి. తలుచుకోవడానికి పెట్టుబడేముంది?

విజయనగరంలో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పే చెల్లెలు తాయారు సెలవులకొచ్చి ఆ లెక్క తిరగరాసింది. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపుతుందిట. ఒక్కసారి వచ్చిన కబురు కాసేపటికి ఆరిపోతుంది. మళ్ళీ మళ్ళీ వస్తే కణం లోపల కొత్త మాంసకృత్తులు తయారై జ్ఞాపకం నిలబడుతుందిట.

"పై దేశాల్లో చేపల మీద సూసేరక్కా. అవి తయారవకుండా మందిస్తే, నేర్సుకున్నదంతా మర్సిపోనాయట."

"అయితే జ్ఞాపకం ఊరికే రాదన్నమాట. నా ఒంట్లోంచే తియ్యాల."

"మరేటి!"

అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన అన్నం వడ్డించుకోబోయి నీలవేణి ఆగిపోయింది. ముడిసరుకు ఇదీ. తయారీ తన తలలో. అమ్మకం మాత్రం ఆయన పేరున. ఇంత పని ఒంట్లో జరుగుతుంటే, పనిలేనిదాన్నని తనే నమ్ముతూ వచ్చింది.

మర్నాడు సోములు వచ్చాడు. "ఒసే, సోములుది?" అన్నాడు రంగనాథం తెరవైపు వంగి.

నీలవేణి పలకలేదు. ఆయన బుర్ర ఎంతదో ఇవాళ తేలనీ అనుకుంది. రంగనాథం దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. ఆఖరికి, "తైచుంగు పట్టుకెళ్రా, కొత్త రకం, ఇరగ పండుతాది," అనేశాడు.

సోములుది పల్లం. తైచుంగు పొట్టి వరి పైరు. గట్టి వాన కొడితే మునిగిపోతుంది, ఆ ఇంటిల్లిపాదికీ పస్తే. తను నోరు మూసుకుంటే నష్టపోయేది మొగుడు కాదు, సోములు. ఆ బేరం నీలవేణికి గిట్టలేదు. చేతులు కొంగుకు తుడుచుకుంది. తెర పక్కకు లాగి, వచ్చి గద్దె మీద మొగుడి పక్కన కూర్చుంది.

"లోపలికెళ్ళే! అమ్మ సూస్తాది," అన్నాడు రంగనాథం పళ్ళబిగువున.

"సూడనీ." సోములు వైపు తిరిగింది. "నీది పల్లం, సోములూ. ఆ రకం ఒద్దు, మునిగిపోతాది. ఇకమీద మడి సంగతి ఈయన్నడక్కు, నన్నడుగు. ఆ బుర్ర నాది."