పెరటి మట్టి కుండీ

మా బావకి రెండింటికే తొందర: భోజనానికి కూర్చోవడానికి, విత్తనం వేయడానికి. "ఆలస్యం అమృతం విషం" అని రోజుకోసారైనా అంటాడు. ఈసారి చేలో విషం ముందే ఉందేమోనని అక్క భయం. పోయిన పంట మొక్కజొన్నకి బావ కలుపుమందు దండిగా కొట్టాడు. అది నేలలో నశించాలంటే తడి కావాలి, వానలేమో మొహం చాటేశాయి. మందు మిగిలుంటే గోధుమ మొలిచినట్టే మొలిచి పసుపెక్కి చస్తుంది. విత్తనమూ పోతుంది, ఏడాదీ పోతుంది.

గింజల్లో, మట్టిలో మిగిలిన మందులు కొలిచే ల్యాబ్‌లో నా ఉద్యోగం. అక్కడి మెషిన్ మూలన పడింది కనక పాత పద్ధతే పట్టాను. ఒక కుండీలో చేను మట్టి, ఇంకోదాంట్లో మందు మొహమెరగని పెరటి మట్టి, రెండింట్లోనూ గోధుమ గింజలు. సమానంగా పెరిగితే చేను మంచిదే. నీళ్లు పోసే పని బావకి అప్పగించి వెళ్లాను. ఎంత తెలివో నాది!

మళ్లీ వచ్చేసరికి బావ మెట్ల మీద కూలబడి ఉన్నాడు.

"అయిపోయింది మరదలా. ఈ ఏడు చేను బీడే."

అక్క కళ్లు తుడుచుకుంటోంది. వెళ్లి చూస్తే చేను కుండీలో మొలకలన్నీ మాడిపోయాయి. పక్కన పెరటి కుండీలోనూ మాడిపోయాయి. నాకు నవ్వాగలేదు.

"మా కొంప మునిగితే నవ్వుతావేంటే?" అక్క కసిరింది.

"పెరటి మట్టి మందెప్పుడు తాగిందక్కా? బావా, నీళ్లు దేంతో పోశావు?"

"పంపుతో. సన్నగా జల్లు పడుతుందని. లేత మొక్కలు కదా, పాపం."

"ఏ పంపు?"

బావ నాలుక కరుచుకున్నాడు. "కలుపుమందు కొట్టిందే. కడిగాననే అనుకున్నానే!"

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అక్క పట్టింది, చెవి పట్టుకుని మరీ. ముగ్గురం పొట్టలు చెక్కలయ్యేలా నవ్వాం.

కొత్త కుండీలు పెట్టాం. ఈసారి వంటింటి గ్లాసుతో అక్కే నీళ్లు పోసింది. బావకి కిటికీ అవతల నుంచి చూడ్డానికే అనుమతి. అదును దాటిపోతోందని కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి రెండు కుండీల్లోనూ మొలకలు ఒకే ఎత్తున పచ్చగా నిలబడ్డాయి. బావ అక్కని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పేశాడు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

కిందికి దిగి జుట్టు సర్దుకుని, విత్తనాల బస్తా అతని వైపు తోసింది అక్క.

"పో, విత్తు. నీళ్ల సంగతి మాత్రం వానకి వదిలెయ్."