ముందు సౌనా, తర్వాత ఇల్లు

అక్టోబరు మొదట్లోనే ఐలీ తేల్చి చెప్పేసింది. తొలి మంచు పడేలోగా ఇంటికి మంచి కట్టెల పొయ్యి రాకపోతే, తాను ఎండలు కాసే అరిజోనాలో చెల్లెలి దగ్గరికి పోతానంది. మళ్లీ ఏప్రిల్లోనే రావడం.

ఆ మాటకి ఆమె మొగుడు రెయినో హడలిపోయాడు. పెళ్లయ్యాక ఒక్క చలికాలమూ అతను ఒంటరిగా గడపలేదు. అయితే భయమేస్తోందని పెళ్లాంతో చెప్పుకునే అలవాటు వాళ్లుండే సరస్సు ఒడ్డున ఏ మగాడికీ లేదు. "పొయ్యే కదా, తెస్తాలే" అన్నాడు.

వాళ్లది రెండు గదుల ఇల్లు. ఉన్న పొయ్యి కట్టెలన్నీ మింగేసి, వేడినంతా పొగగొట్టంలోంచి ఆకాశానికి దానం చేసేది. పొద్దున్నే ఐలీ వేళ్లు కొయ్యబారిపోయి చొక్కా బొత్తాలు కూడా పెట్టుకోలేకపోయేది.

ఊళ్లో పొయ్యిల కొట్టు క్లేటన్‌ది. రెయినో చూపు తిన్నగా అన్నిటికన్నా పెద్ద పొయ్యి మీద పడింది.

"అది మీకొద్దు పెద్దాయనా," అన్నాడు క్లేటన్. "దాన్ని మీ రెండు గదుల ఇంట్లో పెడితే జనవరిలో కిటికీలు తీసుకుని కూర్చోవాలి. ఇదిగో, ఈ చిన్నది చాలు. కట్టెలూ తక్కువ తింటుంది, ధరా మీకు అందుతుంది."

రెయినో బుద్ధిగా తలూపాడు. కొనేవాడే. కానీ పక్కనే, పైన రాళ్లు పేర్చుకునే బుట్టతో, నల్లగా నిగనిగలాడుతూ, ఆవిరి స్నానపు గదిలో పెట్టే సౌనా పొయ్యి ఉంది. అదీ అదే ధర.

పెరట్లో రెయినో తాత కట్టిన సౌనా ఉంది. తాతలాగా ఫిన్లాండు నుంచి అమెరికాకి వచ్చినవాళ్లు ముందు ఆవిరి స్నానానికి సౌనా కట్టుకుని, అందులోనే కాపురం చేస్తూ తర్వాత తీరిగ్గా ఇల్లు కట్టుకునేవారు. రెయినో సౌనాలో పొయ్యి అడుగు కాలిపోయి నిరుటినుంచీ ఆవిరి సరిగ్గా రావడం లేదు. శనివారం స్నానానికొచ్చే ఇరుగుపొరుగు మగాళ్లు "చెమట పట్టలేదు సరికదా, జలుబు చేసింది" అని వేళాకోళమాడుతున్నారు. ఆ మాట అతన్ని లోలోపల కోసేస్తోంది.

ఇల్లు చల్లగా ఉంటే దుప్పటి కప్పుకోవచ్చు. సౌనా చల్లగా ఉంటే మనిషి ఏం కప్పుకుంటాడు? ఈ తర్కం రెయినోకి ఎంత నచ్చిందంటే, ఆ సౌనా పొయ్యే కొని ఇంటికొచ్చి ఐలీకి కూడా వినిపించాడు.

ఐలీ కొత్త పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగింది. "బాగుందయ్యా" అంది. పోట్లాడలేదు. పెళ్లాం ఊరుకుందంటే ఒప్పుకుందనుకునే అమాయకుడు రెయినో.

తొలి మంచు పడిన రోజు ఆమె దిండు, దుప్పట్లు, కాఫీ కెటిలు పట్టుకుని సౌనాలోకి వెళ్లిపోయింది. స్నానానికొచ్చినవాళ్లు బట్టలు మార్చుకునే ముందరి గదిలో మంచం వేయించుకుంది. లోపలి గదిలో బిగించిన కొత్త పొయ్యిలో సన్నగా మంట పెట్టి తలుపు తీసి ఉంచితే ఆ గది అమ్మ ఒడిలా వెచ్చగా ఉండేది.

శనివారం మగాళ్లు స్నానానికొచ్చారు. ఐలీ గుమ్మంలో నిలబడి నవ్వుతూ చెప్పింది. "ఇది ఇప్పుడు నా ఇల్లు బాబూ. మా ఆయన కొత్త పొయ్యి కొని ఇచ్చాడు. కాఫీ తాగి వెళ్లండి."

వాళ్లు కాఫీ తాగి, రెయినో వైపు జాలిగా చూసి వెళ్లిపోయారు.

ఆ తర్వాత రెయినో ఇంట్లో కోటు తొడుక్కునే భోజనం చేసేవాడు. పెరట్లోంచి ఏలకుల రొట్టె వాసన వచ్చేది. ఇద్దరి మధ్యా పట్టుమని ముప్పై అడుగులు లేవు. అరిజోనాకి పోయినా ఇంత బాధ ఉండేది కాదేమో, కనీసం వాసనైనా తగిలేది కాదు. మాట్లాడే మనిషి లేక అతను పాత పొయ్యిని తిట్టడం మొదలుపెట్టాడు. తనకి కరువైంది ఆవిరి స్నానం కాదని అతనికి అప్పుడే అర్థమైంది.

తన పడవ మోటారు అమ్మేసి, క్లేటన్ చెప్పిన చిన్న పొయ్యి తెచ్చాడు. గొట్టం బిగించి, మంట రాజేశాడు. రెండు గదులూ కాసేపట్లో వేడెక్కాయి. ఆనందం పట్టలేక మంచులో పరుగెత్తి సౌనా తలుపు కొట్టాడు.

"ఏమేవ్, ఇల్లు వెచ్చబడింది. వచ్చెయ్యి."

"నా కోసమేనా, సౌనా కోసమా?" అంది ఐలీ తలుపు తీసి.

"నీ కోసమే. నువ్వు లేకపోతే నాకక్కడ ఉండబుద్ధి కావడం లేదు ఐలీ." జన్మలో మొదటిసారి అలాంటి మాట అన్నాడు. అదీ మనసులోంచే అన్నాడు.

ఐలీ అతన్ని ఎగాదిగా చూసింది. ఆ రోజు శనివారం. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు కొద్దీ అతని భుజాన తువ్వాలూ, చేతిలో సబ్బూ ఉన్నాయి. ఎప్పుడు తీసుకున్నాడో అతనికే తెలియదు.

"అవి కింద పెట్టి మళ్లీ చెప్పు" అంది.

రెయినో తువ్వాలూ సబ్బూ మంచులో పెట్టాడు. మళ్లీ చెప్పబోయాడు. ఒట్టి చేతులు చాపి, ఏడవకుండా ఉండటానికి పళ్లు బిగించుకుని అలాగే నిలబడ్డాడు.

ఐలీ లోపలికి వెళ్లి తన దిండు తెచ్చి ఆ చేతుల్లో పెట్టి, కాఫీ కెటిలు తాను అందుకుంది.