పెనం సాగిన శుక్రవారం

శుక్రవారమొస్తే ఎగైలాలోని ఆ అరబ్బుల ఇంట్లో పాయేయా వండాల్సిందే. ఇంటి యజమానురాలు మామా ఎప్పుడో స్పెయిన్ వెళ్ళినప్పుడు ఆ అన్నం రుచి మరిగి, అది వండే పెనాన్ని కూడా వెంట తెచ్చుకుంది. రెండు చెవులున్న పల్చటి పెనం. తినేవాళ్ళెందరో అందరికీ సరిపడా అదే సాగేది. మామా, ఆమె భర్త బాబా, ఇద్దరాడపిల్లలు, వంటమనిషి రెడ్డెమ్మ, ఈ ఐదుగురికీ ఎంత కావాలో పొయ్యి మీద పెట్టేసరికి అంతయ్యేది. కడిగి బోర్లిస్తే చిన్న పళ్ళెమంతకు దిగేది. చుట్టాలొచ్చే రోజైనా మామా ఎవరికీ ఫోన్ చేసి కనుక్కునేది కాదు. వంటింట్లోకి తొంగిచూసి "ఎంతయింది?" అని అడిగేది, అంతే.

రెడ్డెమ్మది రాయచోటి దగ్గర పల్లె. భర్త పోయాడు, ఎదిగిన కొడుకొకడున్నాడు. మొదట్లో ఆ వంటతో చాలా తంటాలు పడింది. కోడిముక్కలు ఎర్రగా వేయించి, టమాటా మగ్గబెట్టి, కుంకుమపువ్వు వేసిన చేపల రసం పోసి పొట్టిబియ్యం చల్లాక ఇక గరిటె పెట్టకూడదు. పైన రొయ్యలూ ఆల్చిప్పలూ పేర్చి ఊరికే చూస్తుండాలి. అడుగున మాడు కట్టాలి, కానీ మాడిపోకూడదు. చేతులు కట్టుకుని నిలబడటమే ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది.

రొయ్యలు తెచ్చేది డ్రైవరు చిన్నపుల్లయ్య. వంటింటి మెట్ల మీద కూర్చుని తనే ఒలిచి ఇచ్చేవాడు. తినమంటే మాత్రం "పురుగుల మాదిరుండాయి, నాకొద్దు" అని గేటు పక్కనున్న తన గదికి వెళ్ళి సంగటి కెలుక్కునేవాడు. అందుకే పెనం అతన్ని ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు.

అతని భార్య పోయింది, కూతురు పెళ్ళయి అత్తగారింట్లో ఉంది. అక్కడ ఉండనిచ్చే ఇఖామా గడువు అయిపోవస్తుంటే, మళ్ళీ వద్దు, ఇంటికి పోతానన్నాడు చిన్నపుల్లయ్య. ఆ సంగతి రెడ్డెమ్మ చెవిన పడింది. వారమంతా కూరల్లో ఉప్పు మర్చిపోయింది.

అతను బయల్దేరాల్సింది శుక్రవారం రాత్రి. ఆ పొద్దున పెనం ఆరుగురికి సాగింది.

"ఎవరొస్తున్నారు?" అంది మామా. ఎవరో వస్తారులెమ్మని ఆరో పళ్ళెం పెట్టించింది. అన్నం ఉడికింది, ఎవరూ రాలేదు. రెడ్డెమ్మ పొయ్యి ఆర్పి గేటు దగ్గరికి నడిచింది. చిన్నపుల్లయ్య పెట్టెకు తాడు కడుతున్నాడు.

"పెనం ఆరుగురికి సాగింది" అంది గుమ్మంలో నిలబడి.

"ఎవురో వస్తార్లే."

"ఎవురూ రాలా. నువ్వే."

"నేను ఆ పురుగులు తిననని తెల్దా నీకు?"

"నాకు తెలుసు. దానికి తెల్దే."

అతను తాడు వదిలేసి చేతులు కడుక్కుని వచ్చాడు. మామా వాళ్ళు తినేసి లేచాక, వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. మొదటి రొయ్యను మందు మింగినట్టు కళ్ళు మూసుకుని మింగాడు. రెండోదానికి కళ్ళు తెరిచాడు. తర్వాత మాడు గీకి పెట్టమన్నాడు.

"ఇంత బాగుంటాదని ముందే చెప్పుంటే?"

"ఎన్నేండ్ల నుంచో చెప్తానే ఉండా."

అతను మరో రొయ్య నోట్లో వేసుకున్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు. "ఈ వీధిలో మనోళ్ళంతా నన్ను అన్నా అంటారు. నువ్వొక్కదానివే అనవు. ఏంటికి?"

రెడ్డెమ్మ కొళాయి తిప్పింది. పెనం తోమి బోర్లించింది. అది చిన్నబడలేదు. మళ్ళీ కడిగి మళ్ళీ బోర్లించింది. ఆరుగురికి సరిపడా వెడల్పున అలాగే ఉంది.

టీ కోసం వచ్చిన మామా పెనాన్ని చూసింది, ఇద్దర్నీ చూసింది. "అయితే ఇకనుంచి ఆరుగురమా?" అంది తనకొచ్చిన హిందీలో. "బాబాతో ఇఖామా మళ్ళీ కట్టించమని చెప్పనా, వద్దా? యల్లా, తొందరగా తేల్చండి."

చిన్నపుల్లయ్య రెడ్డెమ్మ వైపు తిరిగాడు. "పెనం మాట నాకొద్దు. నువ్వు చెప్పు. పొమ్మంటే పోతా."

కొడుకేమంటాడో, ఊళ్ళో అన్నదమ్ములేమంటారో అన్నీ ఆమెకు ఒక్కసారే గుర్తొచ్చాయి. తడి చేతులు తుడుచుకుంటూ ఏదో అంది. నీళ్ళ చప్పుడులో అతనికి వినబడలేదు.

"ఏమంటివి?"

ఆమె కొళాయి కట్టేసింది. "పోవద్దంటాండా" అంది. ఈసారి హాల్లో ఉన్న పిల్లలకు కూడా వినబడింది.

సాయంత్రం రెడ్డెమ్మ బెంగళూరులో ఉన్న కొడుక్కి తనే ఫోన్ చేసి, చిన్నపుల్లయ్య తనకోసం ఆగిపోయాడని చెప్పింది.

"ఆయప్ప నిన్నేమని పిలుస్తాడుమా?" అన్నాడు కొడుకు.

"ఏమని పిలుస్తాడు? రెడ్డెమ్మా అని."

"నాయన పోయినాక మనింట్లో నిన్ను పేరుతో పిలిచేవాళ్ళే లేకపోయిరి. పిలవనీలేమా."

"సర్లే, నువ్వు అన్నం తింటివా?" అని అడిగింది రెడ్డెమ్మ.